అచ్చుకు వెళ్లే ఫైలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వరంగల్ చుట్టుపక్కల నుంచి, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి అడిగాయి: కంప్యూటర్‌లో బాగున్నది కాగితం మీదికి వచ్చేసరికి ఎందుకు మారింది? ఒకే తరహా ప్రశ్నలను కలిపేశాం. పేర్లు వేయలేదు, ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మా కాలేజీ సావనీర్‌ను ఇన్‌డిజైన్‌లో చేస్తున్నం. పిల్లలు ఫోన్లో టైప్ చేసి పంపిన తెలుగును పేస్ట్ చేస్తే వత్తులన్నీ విడిపోయి పక్కన పడుతున్నయి. లెక్చరర్లు ఇచ్చిన అను ఫైళ్లేమో ప్రెస్సులో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి కనబడుతున్నయట. రెంటినీ ఒకే పుస్తకంలో ఎట్ల సర్దాలె? (కాజీపేట)

ఇవి రెండూ వేర్వేరు సమస్యలు. మొదట పిల్లల ఫైళ్ల సంగతి చూద్దాం. ఫోన్లో టైప్ చేసింది యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా అదే అక్షరంగా ఉండే కోడు. ఇన్‌డిజైన్ (పేజీలు పేర్చే ప్రోగ్రాం) మామూలుగా వాడే కంపోజర్, అంటే అక్షరాలను వరసలో కూర్చే భాగం, ఇంగ్లిష్ లాంటి లిపుల కోసం చేసినది కాబట్టి, క కింద ష చేరి క్ష కావాలన్న సంగతి దానికి తెలియదు. ఫాంట్‌లో ఏ లోపమూ లేదు. మొత్తం టెక్స్ట్ సెలెక్ట్ చేసి, పారాగ్రాఫ్ ప్యానెల్ మూలనున్న చిన్న మెనూ తెరిచి, ‘అడోబ్ వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకోండి. వత్తులు వెంటనే కుదురుకుంటాయి. ప్రతి వ్యాసానికీ ఈ పని చేయకుండా ఉండాలంటే పారాగ్రాఫ్ స్టైల్ తెరిచి, జస్టిఫికేషన్ భాగంలో కంపోజర్‌ను అక్కడే మార్చి, అన్ని వ్యాసాలకూ ఆ స్టైల్ వాడండి. ఫొటోషాప్‌లో అయితే చాలా వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద ‘వరల్డ్-రెడీ లేఅవుట్’ ఉంటుంది. పాత వెర్షన్లలో దాని పేరు ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’. మార్చాక ప్రోగ్రాం మూసి మళ్లీ తెరవాలి.

లెక్చరర్ల ఫైళ్లలో ఉన్న అను, శ్రీలిపి అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్లు యూనికోడ్ కంటే పాత పద్ధతివి. ఫైల్‌లో ఉండేది నిజానికి ఇంగ్లిష్ కోడే, దానికి తెలుగు రూపాన్ని ఇచ్చేది ఫాంట్. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆ ఇంగ్లిష్ గుర్తులే బయటపడతాయి. అందుకే ఈ ఫైళ్లను వర్డ్‌లో తెరిచి సేవ్ చేసినా ప్రమాదమే. ఆటోకరెక్ట్ వాక్యం మొదటి అక్షరాన్ని క్యాపిటల్ చేస్తుంది, కొటేషన్ గుర్తులను వంపు తిప్పుతుంది. ఇంగ్లిష్‌లో అది కనబడని మార్పు, ఇక్కడ మాత్రం ఒక తెలుగు అక్షరం పోయి ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. ఆటోకరెక్ట్ మొత్తం ఆపేశాకే ఆ ఫైల్‌ను ముట్టుకోండి.

ఒకే పుస్తకంలో రెండు పద్ధతులు కలపొద్దని మా సలహా. అను వ్యాసాలను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, అన్నీ ఒకే ఫాంట్‌లో పెట్టండి. రేపు అదే వ్యాసాన్ని కాలేజీ వెబ్‌సైట్‌లో పెట్టాలన్నా పనికొస్తుంది. మార్చాక మాత్రం ప్రూఫ్ తప్పనిసరి. అంకెలు, కొటేషన్లు, మధ్యలో వచ్చిన ఇంగ్లిష్ మాటలు, ‘సాఫ్ట్‌వేర్’, ‘పోస్ట్‌మాన్’ లాంటి పదాలు ప్రత్యేకంగా చూడండి. పొల్లు తర్వాత వచ్చే కనబడని విడదీత గుర్తు కన్వర్షన్‌లో రాలిపోతే ఇవి ‘సాఫ్ట్వేర్’, ‘పోస్ట్మాన్’ అయిపోతాయి.

ఉచితంగా, ఓపెన్ లైసెన్స్‌తో దొరికే తెలుగు ఫాంట్లలో వ్యాసాలకు మండలి, శీర్షికలకు రామభద్ర బాగుంటాయి. వరసల మధ్య దూరాన్ని ఆటో మీద వదలొద్దు. 12 పాయింట్ల అక్షరానికి ఇన్‌డిజైన్ 14.4 ఇస్తుంది. పై వరసలో ‘శాస్త్రం’, ‘లక్ష్మి’ వచ్చి వాటి కింద గుడిదీర్ఘం పడితే రెండూ ఢీకొంటాయి. 17, 18 పాయింట్లు పెట్టండి. ట్రాకింగ్‌ను (అక్షరాల మధ్య ఎడాన్ని) మైనస్‌లోకి దించి పేజీలో ఇరికించడం, అక్షరానికి స్ట్రోక్ (చుట్టూ గీత) పెట్టి బోల్డ్ అనిపించడం తెలుగుకు అసలు పనికిరావు. మ, య, ఘ లాంటి అక్షరాల కడుపులు ఇంకుతో మూసుకుపోతాయి.

ప్రశ్న: విజిటింగ్ కార్డుల కటింగ్‌లో ఒక పక్క సన్నని తెల్ల గీత పడుతోంది. చుట్టూ పెట్టిన బార్డర్ ఒకవైపు లావుగా, ఇంకోవైపు సన్నగా వచ్చింది. (హనుమకొండ)

కార్డు సైజుకు సరిగ్గా రంగు ఆపేశారు. కటింగ్ మిషన్‌లో వందల షీట్ల దొంతర మీద కత్తి దిగినప్పుడు అర మిల్లీమీటరు, ఒక్కోసారి ఒక మిల్లీమీటరు జరగడం మామూలే. బ్యాక్‌గ్రౌండ్‌ను నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు బయటికి పెంచండి. దీన్నే బ్లీడ్ అంటారు. ముఖ్యమైన అక్షరాలు, లోగోలు అంచు నుంచి కనీసం 4, 5 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. అంచును ఆనుకుని బార్డర్ పెట్టకపోవడమే మేలు. అర మిల్లీమీటరు తేడాను కూడా బార్డర్ పట్టిచ్చేస్తుంది. తప్పదంటే 5 మిల్లీమీటర్లు లోపలికి జరపండి.

ప్రశ్న: కలర్ పాంప్లెట్‌లో చిన్న అక్షరాల చుట్టూ ఎర్రగా, నీలంగా నీడ వచ్చింది. ప్రెస్సువాళ్లు ఫైల్‌దే తప్పంటున్నరు. స్క్రీన్ మీద నలుపు నల్లగానే ఉన్నది కదా? (పరకాల)

ప్రెస్సువాళ్లు చెప్పిందే నిజమై ఉంటుంది. నలుపులో చాలా రకాలున్నాయి, స్క్రీన్ మీద అన్నీ ఒకేలా కనబడతాయి. ఆర్‌జీబీలో (స్క్రీన్ వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పద్ధతిలో) టైప్ చేసిన నలుపును ఫొటోషాప్ డిఫాల్ట్ సెట్టింగ్‌తో సీఎంవైకేకు (అచ్చులో వాడే నాలుగు ఇంకుల పద్ధతికి) మారిస్తే, శాతాల్లో సయాన్ 75, మెజెంటా 68, ఎల్లో 67, బ్లాక్ 90 అవుతుంది. మీ రంగుల పెట్టెలో ఈ నాలుగు అంకెలు కనబడితే దొంగ దొరికినట్టే. అంటే 9 పాయింట్ల అక్షరాన్ని నాలుగు ప్లేట్లు (ఒక్కో ఇంకుకు ఒక్కో అచ్చు పలక) విడివిడిగా వేయాలి. మిషన్ మీద కాగితం 0.1 మిల్లీమీటరు జరిగినా, తేమకు కాస్త సాగినా, ఏదో ఒక రంగు అక్షరం అంచు దాటి తొంగిచూస్తుంది. తెలుగు వత్తులు, తలకట్లు ఇంగ్లిష్ అక్షరాల గీతల కంటే సన్నం కాబట్టి మనకు ఈ బాధ ఇంకా ఎక్కువ.

అక్షరాలకు బ్లాక్ 100, మిగతా మూడూ సున్నా. రంగు బ్యాక్‌గ్రౌండ్ మీద నల్ల అక్షరం ఉంటే దానికి ఓవర్‌ప్రింట్ పెట్టండి. అప్పుడు అక్షరం కింద రంగు తెగకుండా అచ్చవుతుంది, కాగితం జరిగినా తెల్ల అంచు కనబడదు. ఇన్‌డిజైన్‌లో బ్లాక్ స్వాచ్ మామూలుగానే ఓవర్‌ప్రింట్ అవుతుంది. కోరెల్‌లో (కోరెల్‌డ్రా అనే డిజైన్ ప్రోగ్రాంలో) అక్షరం మీద రైట్ క్లిక్ చేసి ‘ఓవర్‌ప్రింట్ ఫిల్’ పెట్టాలి. పాంప్లెట్ మొత్తం ఫొటోషాప్‌లో చేసే అలవాటుంటే మానుకోండి. అక్కడి నుంచి జేపీజీగా ఇస్తే అక్షరం కూడా చుక్కల బొమ్మగా మారి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర అంచు గరగరలాడుతుంది. బొమ్మ ఫొటోషాప్‌లో, అక్షరం కోరెల్ లేదా ఇన్‌డిజైన్‌లో చేయాలి.

పెద్ద నల్ల బ్యాక్‌గ్రౌండ్‌కు మాత్రం బ్లాక్ 100 ఒక్కటే వేస్తే బూడిద రంగుగా, పల్చగా కనబడుతుంది. దానికి సయాన్ 60, మెజెంటా 40, ఎల్లో 40, బ్లాక్ 100 వేయండి. నాలుగూ కలిపితే 240. నాలుగు ఇంకులూ వంద చొప్పున పోసి ‘మంచి నలుపు’ చేశామనుకుంటే ఇంకు ఆరదు, దొంతరలో పైషీట్ వెనక అంటుకుంటుంది. ఆర్ట్ పేపర్‌కు (పూత పూసిన నున్నని కాగితం) మొత్తం ఇంకు 300 దాటకూడదు, మ్యాప్‌లితోకు (పూత లేని పుస్తకాల కాగితం) 260, 280 చాలు, న్యూస్‌ప్రింట్‌కు 240 హద్దు.

ప్రశ్న: ఎరుపు మీద తెల్ల అక్షరాలు పెట్టిన. కంప్యూటర్‌లో ఉన్నయి, అచ్చులో లేవు. (నిర్మల్)

అవి మొదట నల్ల అక్షరాలై ఉంటాయి. ఓవర్‌ప్రింట్ పెట్టాక వాటి రంగును తెలుపుకు మార్చారు. తెలుపు అంటే ఇంకు లేకపోవడం. దానికి ఓవర్‌ప్రింట్ ఉంటే ‘కింది రంగును కదపకు, పైన ఏమీ వేయకు’ అని చెప్పినట్టవుతుంది. ఎరుపు నిండుగా పడి అక్షరాలు మాయమవుతాయి. తెల్లవాటన్నిటికీ ఓవర్‌ప్రింట్ తీసేసి, అక్రోబాట్‌లో ఓవర్‌ప్రింట్ ప్రివ్యూ పెట్టుకుని చూస్తే ప్లేటు కాకముందే తెలిసిపోతుంది. ముదురు రంగు మీద తెల్ల తెలుగు అక్షరం 10 పాయింట్ల కంటే చిన్నది కాకుండా, సన్నని ఫాంట్ కాకుండా చూసుకోండి.

ప్రశ్న: మా సంఘం క్యాలెండర్‌కు రామప్ప గుడి ఫొటోలు మిత్రులు వాట్సాప్‌లో పంపిన్రు. ఫోన్లో అద్భుతంగా ఉన్నయి. డిజైనర్ ‘రెజల్యూషన్ లేదు’ అంటడు. 72ను 300 చేస్తే సరిపోదా? (ములుగు)

సరిపోదు. 72, 300 అనే అంకె అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పరచాలో చెబుతుందంతే. అది మార్చినంత మాత్రాన కొత్త వివరం పుట్టుకురాదు. ఫొటోషాప్‌లో ఇమేజ్ సైజ్ తెరిచి ‘రీశాంపిల్’ టిక్ తీసి, రెజల్యూషన్‌లో 300 కొట్టండి. అప్పుడు వెడల్పు దగ్గర కనబడే అంగుళాలే ఆ ఫొటో అసలు సత్తా. వాట్సాప్ మామూలుగా పంపిన ఫొటో పొడవు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదించుకుపోతుంది. 1600ను 300తో భాగిస్తే 5.3 అంగుళాలు. పోస్ట్‌కార్డుకు చాలు, క్యాలెండర్ పేజీకి చాలదు. ఏ4 నిండా బ్లీడ్‌తో సహా రావాలంటే 2551 × 3579 పిక్సెళ్లు కావాలి. ఫొటో తీసినవాళ్లను అదే వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా పంపమనండి, కుదింపు ఉండదు.

300 అన్న లెక్క అచ్చు చుక్కల నుంచి వచ్చింది. ఆర్ట్ పేపర్ మీద అంగుళానికి 150 వరసల చుక్కలు వేస్తారు, దానికి రెట్టింపు పిక్సెళ్లుంటే చాలు. న్యూస్‌ప్రింట్ మీద 100 వరసలే కాబట్టి 200 చాలు. సంతకం, ముద్ర, గీతల బొమ్మ లాంటి నలుపు తెలుపు గీతకు మాత్రం 1200 డీపీఐతో బిట్‌మ్యాప్ స్కాన్ చేయాలి. పాత పుస్తకంలో అచ్చయిన బొమ్మను స్కాన్ చేస్తే దాని చుక్కలూ మీ చుక్కలూ కలిసి గళ్లగళ్లుగా అలలు లేస్తాయి. స్కానర్‌లో ‘డీస్క్రీన్’ పెట్టండి. అసలు ఫొటో దొరికితే ఈ తంటా ఉండదు.

రామప్ప గురించి ఇంకో మాట. గోడలు ఎర్రని ఇసుకరాయి, మదనికలు (స్త్రీల శిల్పాలు) నున్నని నల్లరాయి. ఒకే ఫొటోలో రెండూ ఉంటే నల్లరాతి శిల్పం అచ్చులో ముద్దగా మారుతుంది. కాగితం మీద చుక్క పడగానే కాస్త విచ్చుకుంటుంది, నీడల్లోని సన్నని తేడాలు ముందు అక్కడే పూడుకుపోతాయి. ఫొటోషాప్ కర్వ్స్‌లో (వెలుగునీడలు సర్దే పెట్టెలో) శిల్పం ఉన్న చోటు వరకు నీడలను కొద్దిగా తేలిక చేయండి. ఐడ్రాపర్‌తో చూసినప్పుడు మదనిక నగల మధ్య గాడిలో బ్లాక్ 90 దాటకుండా, నాలుగు రంగుల మొత్తం 300 లోపల ఉంటే నగిషీ నిలుస్తుంది. స్క్రీన్ మీద కాస్త వెలిసినట్టు అనిపిస్తుంది. ఫరవాలేదు.

ప్రశ్న: చేర్యాల నకాశీ బొమ్మలతో పుస్తకం వేస్తున్నాం. దేవుడి నీలి ఒళ్లు అచ్చులో వంగపండు రంగయింది, ఎర్ర నేపథ్యం ఇటుక రంగులోకి దిగింది. (సిద్దిపేట)

ఆర్‌జీబీలో గాఢ నీలం ఫొటోషాప్ డిఫాల్ట్‌లో సయాన్ 88, మెజెంటా 77గా మారుతుంది. ఇంకుల్లో ఈ రెండూ దగ్గరదగ్గరగా ఉంటే వచ్చేది ఊదా రంగే. నీలం నీలంగా నిలవాలంటే మెజెంటా సయాన్ కంటే కనీసం 30 తక్కువ ఉండాలి. 100కు 60, 65 అనుకోండి. సెలెక్టివ్ కలర్‌లో ‘బ్లూస్’ ఎంచి మెజెంటా తగ్గించండి.

ఎరుపుది ఎదురు సమస్య. చేర్యాల పటంలోని ఎరుపు మెజెంటా, ఎల్లో రెండిటితోనే దాదాపు వచ్చేస్తుంది. ఫొటో మార్పులో అందులో సయాన్ 12, 15 చొరబడితే ఎరుపు మాసిపోతుంది. ‘రెడ్స్’లో సయాన్‌ను 0, 3 మధ్యకు దించండి, బొమ్మ వెంటనే తేటపడుతుంది. మొత్తం బొమ్మ మీద బ్రైట్‌నెస్ పెంచడం దీనికి మందు కాదు.

అసలు పటాన్ని కెమెరాతో తీసినట్లయితే దోషం అక్కడే మొదలై ఉండొచ్చు. పటానికి రెండు వైపుల నుంచి 45 డిగ్రీల కోణంలో ఒకే రకం లైట్లు పెట్టి, మొదటి షాట్‌లో గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పెట్టి తీయండి. కిటికీ వెలుతురు, ట్యూబ్‌లైటు కలిస్తే ఏ సవరణకూ లొంగదు. సీఎంవైకేకు మార్చేటప్పుడు ప్రొఫైల్ (ఏ కాగితానికి రంగులు ఎలా మారాలో చెప్పే ఫైలు) ఏదో ప్రెస్సును అడగండి. వాళ్లు ఏమీ చెప్పకపోతే ఆర్ట్ పేపర్‌కు ఫోగ్రా 39, మ్యాప్‌లితోకు ఫోగ్రా 52 పెట్టుకుని, ‘అసైన్’ కాకుండా ‘కన్వర్ట్ టు ప్రొఫైల్’ వాడండి. చిలకపచ్చ పట్టుచీర, ఫ్లోరసెంట్ గులాబీ నాలుగు ఇంకులతో రావని ముందే ఒప్పుకోవడం మంచిది. ఇలాంటి పుస్తకానికి, అనుకున్న కాగితం మీదే ఒక కలర్ ప్రూఫ్ తీయించి, దాన్ని మిషన్ దగ్గర పెట్టించండి. ఖర్చుకు తగిన పని ఇదొక్కటే అంటాం.

ప్రశ్న: కవితల పుస్తకం, 1/8 డెమీ, 116 పేజీలు వచ్చింది. ప్రెస్సువాళ్లు పేజీలు మార్చమంటున్నారు. వీపు మీద పేరు రావాలని కోరిక. కవర్ ఫైల్ ఎట్లా చేయాలి? (జగిత్యాల)

1/8 డెమీలో ఒక ఫారం అంటే 16 పేజీలు. 116 అంటే 7 ఫారాలు పోగా 4 పేజీలు మిగులుతాయి. ఆ నాలుగు పేజీల కోసం వేరే ప్లేటు, వేరే మడత. 112కు తగ్గించండి లేదా అర ఫారం కలిపి 120కు పెంచండి. కవితల పుస్తకంలో ఇది కష్టం కాదు. ఒక ముందుమాట తగ్గించినా పాఠకుడేమీ నష్టపోడు.

పేజీ సైజు 5.5 × 8.5 అంగుళాలు, అంటే దాదాపు 140 × 216 మిల్లీమీటర్లు. లోపలి మార్జిన్ 18 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంచండి. పర్‌ఫెక్ట్ బైండింగ్‌లో (రేకులను వీపు దగ్గర జిగురుతో అతికించే పద్ధతిలో) జిగురు దగ్గర పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, పాదాల మొదటి అక్షరాలు లోయలో పడతాయి. బేసి సంఖ్య పేజీ ఎప్పుడూ కుడివైపే. పేజీలను జంటలుగా కాకుండా ఒక్కొక్కటిగా ఇవ్వండి. ఫారంలో ఏ పేజీ ఎక్కడ పడాలో ప్రెస్సు సాఫ్ట్‌వేర్ పేర్చుకుంటుంది. మీరే పేర్చి ఇస్తే వాళ్లు దాన్ని విప్పాల్సి వస్తుంది.

వీపు మందం కాగితాన్ని బట్టి. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) మ్యాప్‌లితో ఒక్కో రేకు 0.09, 0.1 మిల్లీమీటరు మధ్య ఉంటుంది. 120 పేజీలంటే 60 రేకులు, కాబట్టి వీపు 5.4 నుంచి 6 మిల్లీమీటర్లు. అంచనా మీద పోకుండా, అదే కాగితం 60 రేకులు తెప్పించి గట్టిగా నొక్కి స్కేలుతో కొలవండి. కవర్‌ను ఒకే ఫైల్‌గా చేయాలి: ఎడమన వెనక అట్ట 140, మధ్యలో వీపు 6, కుడిన ముందు అట్ట 140, రెండు పక్కలా బ్లీడ్ 3 చొప్పున, మొత్తం 292. ఎత్తు 216కు పైనా కిందా 3 కలిపి 222. వీపు మీద అక్షరం ఎత్తు 3.5 మిల్లీమీటర్లు మించకూడదు, లేకుంటే బైండింగ్‌లో కాస్త జరిగినా అట్ట మీదికి ఎక్కుతుంది. వీపుకు అట్టకంటే వేరే రంగు వేయడం ఇంత సన్నని పుస్తకానికి వద్దు.

వెనక అట్ట మీద ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య) బార్‌కోడ్ పెడితే తెల్ల పెట్టెలో బ్లాక్ 100తోనే పెట్టండి. దాని పూర్తి సైజు 37.29 × 25.93 మిల్లీమీటర్లు. 80 శాతం కంటే తగ్గిస్తే స్కానర్ చదవకపోవచ్చు.

పర్‌ఫెక్ట్ కాకుండా సెంటర్ పిన్ (మడత మీద పిన్నులు కొట్టడం) అనుకుంటే పేజీలు 4తో భాగింపబడాలి. 64 పేజీలు దాటితే మధ్య రేకులు బయటికి పొడుచుకొచ్చి కటింగ్‌లో తెగుతాయి. పేజీ నంబర్లను అంచుకు మరీ దగ్గర పెట్టకండి.

ప్రశ్న: సింగిల్ కలర్ కరపత్రం ఎర్ర ఇంకులో కావాలి. ఎరుపులో డిజైన్ చేసి ఇస్తే రెండు ప్లేట్ల డబ్బులు అడుగుతున్నరు. (పెద్దపల్లి)

సరిగ్గానే అడిగారు. మీ ఎరుపు మెజెంటా 100, ఎల్లో 100, అంటే రెండు ప్లేట్లు. ఫైల్ మొత్తం బ్లాక్‌లోనే చేయండి. లేత రంగు కావాల్సిన చోట బ్లాక్ 20, 30 శాతం ఇవ్వండి. ఫొటోను గ్రేస్కేల్‌కు మార్చండి. ప్లేటుకు రంగు తెలియదు, మిషన్‌లో ఏ ఇంకు పోస్తే ఆ రంగు వస్తుంది. ఆర్డర్ కాగితం మీద ‘ఎర్ర ఇంకు’ అని రాసివ్వండి. బిల్లు బుక్కులకూ ఇదే పద్ధతి, నంబరు పడే చోటు మాత్రం ఖాళీ వదలాలి.

ప్రశ్న: శుభలేఖ మీద వినాయకుడు, పేర్లు బంగారు రంగులో మెరవాలి. ఫైల్‌లో ఆ రంగు ఎట్లా ఇవ్వాలి? (కరీంనగర్)

ఇవ్వలేరు. సీఎంవైకేలో ఎంత కలిపినా ఆవపిండి రంగే వస్తుంది. మెరుపు ఫాయిల్‌తో వస్తుంది, అది వేడి బ్లాకుతో ఒత్తే పని. రెండు ఫైళ్లివ్వండి: నాలుగు రంగుల డిజైన్ ఒకటి, ఫాయిల్ పడే భాగం మాత్రమే బ్లాక్ 100లో ఒకటి. రెండూ ఒకే సైజు పేజీలో, ఒకే చోట ఉండాలి. ఫాయిల్ ఫైల్‌లో ఫొటో, షేడ్, ఛాయలు ఉండకూడదు, అన్నీ కర్వ్స్‌గా (ఫాంట్ అక్కర్లేని, ఎంత పెంచినా చెదరని గీతలుగా) మార్చినవే. సన్నని గీత 0.5 పాయింటుకు తగ్గొద్దు. రెండు గీతల మధ్య ఖాళీ 0.4 మిల్లీమీటర్లు ఉండాలి, లేకుంటే ఫాయిల్ మధ్యలో కూడా అంటుకుని తొండం, దంతం ఒకే ముద్దవుతాయి. గూగుల్‌లో దొరికిన వినాయకుడిని ఆటో ట్రేస్ కొడితే వందల చిన్న చుక్కలు మిగిలిపోతాయి, అవుట్‌లైన్ వ్యూలో చూసి ఏరేయండి. అద్దంలో తిప్పినట్టు మీరు తిప్పకండి, బ్లాకు చేసేవాళ్లు తిప్పుకుంటారు. అన్నట్టు, మెరిసే గ్లాసీ లామినేషన్ కార్డు మీద పసుపు బొట్టు నిలవదు. మూలలకు పసుపు పెట్టే ఇంటివాళ్లయితే లామినేషన్ లేని కార్డు ఎంచుకోవాలి.

ప్రశ్న: మేడారం జాతరకు 20 × 10 అడుగుల ఫ్లెక్సీ. 300 డీపీఐలో ఫైల్ చేస్తే కంప్యూటర్ ఆగిపోతోంది. (తాడ్వాయి)

అవసరం లేదు. 240 × 120 అంగుళాల సైజులో 50 నుంచి 72 డీపీఐ చాలు. 72 దగ్గర 17,280 × 8,640 పిక్సెళ్లవుతాయి. పీఎస్‌డీ ఒక పక్క 30,000 పిక్సెళ్లు దాటనివ్వదు, మీది దాని లోపలే. అక్షరాలు కోరెల్‌లో పెట్టండి, ఎంత పెంచినా అంచు చెదరదు. చుట్టూ 3 అంగుళాలు ఖాళీ రంగు వదలండి, మడతకూ తాళ్ల రింగులకూ పోతుంది.

ప్రశ్న: పీడీఎఫ్ ఇచ్చేముందు ఏమేం చూసుకోవాలి? మాకు కోరెల్ ఫైల్ ఇవ్వడమే అలవాటు. (నిజామాబాద్)

కోరెల్ ఫైల్ ఇస్తే అక్షరాలన్నీ కర్వ్స్ చేసి ఇవ్వాలి. కంట్రోల్ ఏ, కంట్రోల్ క్యూ కొట్టినా లాక్ చేసిన లేయర్‌లో ఉన్నవి మారవు. డాక్యుమెంట్ ప్రాపర్టీస్ తెరిస్తే టెక్స్ట్ ఇంకా ఏమైనా మిగిలిందో చెబుతుంది. కర్వ్స్ చేయని కాపీ ఒకటి వేరే పేరుతో దాచండి. ప్రూఫ్‌లో ఒక అక్షరం మార్చమంటే అదే దిక్కు. పుస్తకాల లోపలి పేజీలకు కర్వ్స్ కంటే ఫాంట్ ఎంబెడ్ చేసిన (ఫైల్‌లోనే పొదిగిన) పీడీఎఫ్ మేలు. ఫైల్ తేలిక, అక్షరం సన్నగా నిలుస్తుంది.

పీడీఎఫ్ అంటే ‘ప్రింట్ టు పీడీఎఫ్’ కాదు. ఎక్స్‌పోర్ట్‌లో అచ్చు కోసమే ఉన్న పీడీఎఫ్/ఎక్స్-1ఏ లేదా ఎక్స్-4 ఎంచండి. ఎక్స్-1ఏలో నీడలు, పారదర్శకాలు ముందే చదునవుతాయి, పాత సీటీపీలకు (ఫైల్ నుంచి నేరుగా ప్లేటు చేసే యంత్రాలకు) అదే క్షేమం. ఎక్స్-4 వాటిని అలాగే ఉంచుతుంది, కొత్త వ్యవస్థలకు అది మెరుగు. ఏది కావాలో ప్రెస్సునే అడగండి. నీడ చుట్టూ తెల్ల డబ్బా వచ్చిందంటే తేడా ఇక్కడే ఉంటుంది. ఇన్‌డిజైన్‌లో ‘మార్క్స్ అండ్ బ్లీడ్స్’ దగ్గర క్రాప్ మార్కుల (ఎక్కడ కోయాలో చూపే గీతల) ఆఫ్‌సెట్, అంటే పేజీ అంచు నుంచి దూరం, మామూలుగా 2.117 మిల్లీమీటర్లుంటుంది. బ్లీడ్ 3 కాబట్టి మార్కులు రంగు మీదికొస్తాయి. ఆఫ్‌సెట్‌ను 3 చేయండి. డాక్యుమెంట్ బ్లీడ్ వాడమని టిక్ పెట్టడం మరవకండి. ‘స్ప్రెడ్స్’ టిక్ తీసేయండి.

తర్వాత అక్రోబాట్‌లో మూడు చోట్ల చూడాలి. ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ తెరిస్తే ప్రతి పేరు పక్కనా ‘ఎంబెడెడ్’ అని ఉండాలి. ‘అవుట్‌పుట్ ప్రివ్యూ’లో బ్లాక్ ప్లేటు ఒక్కటే ఆపేయండి. నల్ల అక్షరాలన్నీ పూర్తిగా మాయం కావాలి, ఏ పదమైనా గోధుమరంగులో మిగిలితే అది నాలుగు రంగుల నలుపు. అక్కడే ‘టోటల్ ఏరియా కవరేజ్’ 300కు పెట్టి, ఎక్కడెక్కడ రంగు గుర్తు వెలుగుతుందో చూడండి. ఈ మూడు చూడటానికి పది నిమిషాలు పట్టదు. ఆ తర్వాత కాగితం మీద ఒక కాపీ తీసి, మీరు కాకుండా ఇంకొకరితో చదివించండి. ఫోన్ నంబర్లు, తేదీలు, వారం పేరు ముందుగా చూడమనండి.

ప్రశ్న: 50 కాపీలే కావాలి. డిజిటల్‌లో తీస్తే ఇవన్నీ అక్కర్లేదు కదా? (మంచిర్యాల)

ప్లేట్ల ఖర్చు ఉండదు కాబట్టి 50 కాపీలకు డిజిటలే సరి. బ్లీడ్, ఫాంట్లు, ఫొటో పిక్సెళ్లు మాత్రం అవే లెక్కలు. అక్షరానికి బ్లాక్ 100 ఇక్కడా పాటించండి. ఇందులో ఇంకు కాగితంలోకి ఇంకదు, టోనర్ పైపొరలా కూర్చుంటుంది. 300 జీఎస్ఎం కార్డు మీద ముదురు రంగు నిండుగా వేసి మడిస్తే మడత వెంట పెళ్లలు లేచి తెల్ల గీత పడుతుంది. క్రీజింగ్ (మడత చోట గాడి ఒత్తడం) చేయించాకే మడవండి. వీలైతే మడత వచ్చే చోట లేత రంగు ఉండేలా కవర్ మార్చండి.